తోడు లేకుండా చెప్పిన మంచిమాట

సెప్టెంబరు 4, తెప్పలెక్కిన ముప్పై ఒకటో ఏడు

ఈ రోజు నుంచి రాస్తున్నాను. కారణం ఇది: మా మనవరాలు ప్రవల్లిక పొద్దున తన పాలు గిన్నెలోకి పిండి సముద్రంలో పారబోసింది. కొత్త సంగతేమీ కాదు, జూన్ నుంచి రోజూ చేస్తున్న పనే. కానీ పారబోయవలసిన అవసరం తీరి వారమైంది. అయినా మానలేదు. ఏం చేయాలో నాకు తోచడం లేదు. తోచనప్పుడు కాగితం మీద పెట్టి చూడడం, ఇన్నేళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినందువల్ల వచ్చిన అలవాటు.

జరిగింది వరుసగా రాస్తాను. మే నెలాఖరు గాలివానలో దారి తప్పిన పడవ ఒకటి మా నాలుగో తెప్పను గుద్దుకుంది. అందులో ఒకతని చెయ్యి తాడు చుట్టే చక్రంలో పడి నలిగింది. ప్రవల్లిక ఆ గాయాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని, ఆస్పత్రి తెప్ప నుంచి మరపడవ వచ్చేదాకా వదల్లేదు. ముందు రోజంతా అది తెప్ప కింద పీపాలకు పట్టిన గుల్లలు గీకి ఉంది. గుల్లలు గీకిన అరచేతులు ఎలా ఉంటాయో ఇక్కడ అందరికీ తెలుసు, చర్మం మిగలదు. అయిదో రోజున ఆస్పత్రి తెప్ప నుంచి రేడియోలో కబురు వచ్చింది: ఆ పడవవాళ్ళలో ఒకరికి హెచ్‌ఐవి ఉంది, ఎవరికన్నది చెప్పడానికి వీల్లేదు, రక్తం తగిలినవాళ్ళుంటే పరీక్ష చేయించుకోవాలి. ముందుజాగ్రత్తగా వేసుకునే మందు ఉంది కానీ మూడు రోజుల లోపు మొదలుపెట్టాలి. ఆ గడువు అప్పటికే దాటిపోయింది.

అప్పటికి దాని బిడ్డ చిట్టికి రెండో నెల. మూడు నెలల పరీక్ష అయ్యేదాకా బిడ్డకు పాలివ్వొద్దు, పాలు ఎండిపోకుండా పిండి పారబోస్తూ ఉండు అని డాక్టరు చెప్పాడు. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆరు వారాల పరీక్షలో లేదని వచ్చింది. మూడు నెలల పరీక్షలోనూ లేదనే వచ్చింది. ఇక నిక్షేపంలా పాలివ్వొచ్చని ఆగస్టు 28న డాక్టరు రేడియోలో చెప్పాడు.

ఇవ్వడం లేదు. అడిగితే "ఇంకొక్కసారి చూసుకుని" అంటుంది.

లెక్కలు. చిట్టి బరువు పోయిన ఆదివారం కన్నా నూట యాభై గ్రాములు తక్కువ. పొడిపాలు దానికి సరిపడడం లేదు, రోజూ విరేచనాలు. మేకపాలు ఇంత చిన్నపిల్లకు పనికిరావు. పొడి డబ్బాలు నాలుగున్నాయి. సరుకుల లాంచీ పదో తారీఖున రావాలి. ప్రవల్లిక పిండే పాలు జూన్‌లో రెండు గ్లాసుల పైన ఉండేవి, ఇప్పుడు ముప్పావు గ్లాసు. ఇంకొన్నాళ్ళు పోతే అవీ ఉండవు. మాకున్న వ్యవధి అంతే.

నా ఒంటి సంగతి: ఒకటో తారీఖున అలవాటు ప్రకారం పరీక్షకు కూర్చున్నాను. అంతా బాగానే ఉందట. కాళ్ళు బరువుగా ఉంటున్నాయి. ఈ తెప్పకు మెట్లు ఎక్కువ.

సెప్టెంబరు 6

పొద్దున్నే సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. రెండు పలకలకే ఆయాసం వచ్చింది. మిగతావి ప్రవల్లిక కడిగింది. తర్వాత గోంగూర తొట్లకు నీళ్ళు పోసి పిన్ని దగ్గరికి వెళ్ళాను.

పిన్ని అంటే మనిషి కాదు, వైద్యపెట్టె. తెప్పకొకటి ఉంటుంది. వేలు పెడితే సన్నగా గుచ్చి రక్తం తీసుకుని సంగతి చెబుతుంది. గొంతు మెత్తగా ఉంటుందని మొదట్లో ఎవరో పిన్ని అన్నారు, అదే నిలిచిపోయింది.

నేను ఈ తెప్పకు తోడుపెద్దను. ఊరు మునిగి మేము తెప్పలెక్కిన రెండో ఏడు, అయిదో తెప్ప మీద ఒకాయన ఒక్కడే కూర్చుని తన రక్తం సంగతి విని, లేచి నేరుగా నీళ్ళలోకి దూకేశాడు. ఆ తర్వాత ఏడు తెప్పలవాళ్ళూ కూర్చుని ఒక నియమం పెట్టుకున్నారు. ఒంటరిగా ఉన్న మనిషికి తన గురించిన చెడ్డ కబురు పిన్ని చెప్పకూడదు. తోడు తెచ్చుకోమని కూడా అనకూడదు, అంటే చెప్పేసినట్టే కదా. అందుకని అప్పటికి "అంతా బాగానే ఉందమ్మా" అని పంపేస్తుంది. మర్నాడు పొద్దున తోడుపెద్ద వచ్చినప్పుడు ఆమెకు చెబుతుంది. తోడుపెద్ద చల్లగా మజ్జిగ చేసుకుని ఆ ఇంటికి వెళ్ళి, మనిషి పక్కన కూర్చుని, మాట మెల్లగా బయటపెడుతుంది. అవతల ఇంట్లో పెళ్ళో పురుడో ఉంటే కొన్నాళ్ళు ఆపే అధికారం కూడా ఆమెకుంది. ఆపమంటే పిన్ని ఆపుతుంది.

పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. ఎన్ని ఇళ్ళకు మజ్జిగ మోశానో లెక్క ఉంది కానీ ఇక్కడ రాయడం అనవసరం.

ఈ పొద్దున పిన్ని నాకు చెప్పింది ఒకటే: మూడో గది అప్పన్నకు చక్కెర పెరిగింది. ప్రవల్లిక గురించి ఏమీ లేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ లేదు. అంటే నిజంగా ఏమీ లేదు. నా వరకు అది రుజువు.

సెప్టెంబరు 8

నాదే పొరపాటు. పొద్దున ఎండ ఎక్కువగా ఉందని, పీపాల దగ్గర వంగి గుల్లలు గీకుతున్న ప్రవల్లికకు గ్లాసు మజ్జిగ తీసుకెళ్ళాను. అంతే. అది తలెత్తి నన్ను, గ్లాసును చూసి చేతిలో గీకుడు కత్తి నీళ్ళలో వదిలేసింది. రెండు చేతులతో పీపాను పట్టుకుంది.

ఎండకు తెచ్చానే అన్నాను. నమ్మలేదు. ఆ మజ్జిగ ముట్టలేదు. నేనే తాగాల్సి వచ్చింది. గీకుడు కత్తి పోయింది. ఇనుప సరుకు వచ్చేదాకా ఇంకొకటి దొరకదు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, అది ఇన్నాళ్ళూ పిన్ని మాట కోసం కాదు, నా ముఖం కోసం చూస్తోందని. నా ముఖం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, అందులో చదవడానికేమీ ఉండదు. పిల్లలు నా వెనకాల అనుకునేవాళ్ళు, సౌదామిని టీచరు ఫస్టు మార్కు చెప్పినా ఫెయిలని చెప్పినా ఒకే ముఖం పెడుతుందని.

సెప్టెంబరు 9

ప్రవల్లికను కూర్చోబెట్టి అడిగాను. చిట్టి చాప మీద పడుకుని పిడికిలి చప్పరిస్తోంది. దాని నడుము దగ్గర గౌను వదులైంది. ఇద్దరం అటు చూడకుండా మాట్లాడుకున్నాం.

నా ప్రశ్న సూటిది. పిన్ని లేదంది, డాక్టరు లేదన్నాడు, ఇంకెవరు చెబితే నమ్ముతావు?

దాని జవాబూ సూటిగానే ఉంది. ఒంటరిగా వెళ్ళి అడిగితే పిన్ని బాగానే ఉందంటుంది, అది అందరితోనూ అనే మాట. దానికి విలువ లేదు. డాక్టరుకు కనిపించేది పిన్ని పంపిన కాగితమే. ఇక నేను పక్కన కూర్చున్నప్పుడు లేదంది నిజమే. కానీ నేను ఆపమంటే ఆపుతుంది కదా.

"నేనెందుకు ఆపుతానే?"

"సత్తిరాజు మావయ్యకు గడ్డ సంగతి తొమ్మిది రోజులు ఆపావు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి అయ్యేదాకా. నేను ఆ పెళ్ళిలో వడ్డించాను నాన్నమ్మా. నువ్వు ఆయన పక్కనే బంతిలో కూర్చుని పులిహోర బాగుందా అని అడిగావు. నీ ముఖంలో ఒక్క గీత కదల్లేదు."

"అది వేరు. పెళ్ళి పీటల ముందు చెబుతారా?"

"నాకు పసిపిల్ల ఉంది. మొగుడు లంగరు పనికి వెళ్ళి మూడు నెలలుగా అక్కడే ఉన్నాడు. నువ్వు ఆపడానికి ఇంతకన్నా కారణం కావాలా?"

దాని వాదంలో తప్పు లేదు. పరికరం సరైనదే, కానీ చదివి చెప్పే మనిషి ముందొకసారి మరోలా చెప్పినట్టు తేలింది. అలాంటి కొలత పుస్తకంలో ఎక్కించవద్దని దానికి చిన్నప్పుడు నేర్పింది నేనే.

చివరికి ఒక మాట అంది. తనకుంటే తను మాత్ర వేసుకుంటుందట, ఈ రోజుల్లో దాంతో ఎవరూ చావడం లేదట, అది తెలుసట. కానీ తన చేత్తో, తన పాలతో దీనికి ఆ జబ్బు పోస్తే ఆ తర్వాత దీని ముఖం ఎలా చూడాలి అంది. ఏడవలేదు. లేచి వెళ్ళి పొడిపాలు కలిపింది.

డబ్బాలు మూడు.

సెప్టెంబరు 11

లాంచీ రాలేదు. సముద్రం బాగాలేదట.

ప్రవల్లిక నాతో చెప్పకుండా రెండో తెప్పకు వెళ్ళి అక్కడి పిన్ని దగ్గర పరీక్ష చేయించుకుంది. లేదంది. వచ్చి నాతో చెప్పింది, అన్ని పెట్టెలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి నేను ఇక్కడ ఆపమంటే అక్కడా ఆపుతాయని. ఇది తొమ్మిదో పరీక్ష. వేలి చివర్లు పుండుపడ్డాయి. ఉప్పునీళ్ళ పని చేసే చేతులు.

పిండిన పాలు అర గ్లాసు.

సెప్టెంబరు 13

చిట్టి రెండు రోజులుగా సరిగా తాగడం లేదు. సీసా నోట్లో పెడితే నాలుకతో తోసేస్తోంది. డాక్టరుతో రేడియోలో మాట్లాడాను. తల్లిపాలు మొదలుపెట్టండి, ఇంకా ఎందుకు ఆలస్యం అని నన్ను కోప్పడ్డాడు. నన్ను కోప్పడినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఊరుకున్నాను. మా కష్టం ఆయనకు చెప్పాలంటే మా నియమం చెప్పాలి, మజ్జిగ సంగతి చెప్పాలి, సత్తిరాజు పెళ్ళి సంగతి చెప్పాలి. రేడియోలో అంత వ్యవధి ఉండదు.

కాగితపు పరీక్ష ఏదైనా ఉందా అని మాత్రం అడిగాను. పెట్టెలు రాకముందు వాడినట్టు, రక్తపు బొట్టు వేస్తే గీత వచ్చేది. ఉన్నాయట, పెట్టెలు పాడైనప్పటి కోసం ఉంచుతారట. లాంచీలో ఒక పొట్లం పంపుతానన్నాడు.

చెప్పులు పట్టడం లేదు. పాదాలు ఉబ్బాయి. కింద కూర్చుని లేచే పనులు తగ్గించుకోవాలి.

సెప్టెంబరు 15

లాంచీ వచ్చింది. పొడిపాల డబ్బాలు ఆరు రావలసింది, రెండొచ్చాయి. అన్ని తెప్పలకూ కోత పెట్టారట. కాగితపు పరీక్షల పొట్లం వచ్చింది. తేదీ చూశాను, దాటలేదు. పొట్లంలో పది.

ప్రవల్లిక ముందు పొట్లం పెట్టి, ఇందులో పిన్ని లేదు, రేడియో లేదు, నేను లేను అన్నాను. వాడే పద్ధతి వివరించాను. ఒక గీత వస్తే కాగితం పనిచేసిందని, జబ్బు గుర్తు లేదని. రెండు గీతలు వస్తే ఉందని.

అది కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. "ఒక గీత ఎప్పుడూ వస్తుంది కదా. ఆ రెండో గీత ఈ కాగితం మీద వస్తుందని ఎవరు చూశారు?"

పొట్లం మీద రాసి ఉందన్నాను.

"రాసింది చదివి నమ్మకు, చేసి చూడు అని నువ్వే కదా బెంచీ ఎక్కించి మరీ చెప్పేదానివి," అంది.

కోపం రావలసింది, రాలేదు. తెప్ప మీద నేను నడిపే తరగతిలో రెండేళ్ళుగా ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు. ఊరు మునగకముందు నేను పాఠం చెప్పిన పాత బడి ఇప్పుడు మా తెప్ప కింద నీళ్ళలో ఉంది, ఆటుపోటు తగ్గినప్పుడు గోడ అంచు కనిపిస్తుంది. అక్కడి ప్రయోగశాలలో పిల్లలకు మొదటి రోజు చెప్పిన మాట ఇదే: తెలియని ద్రావణాన్ని పరీక్షించే ముందు, తెలిసిన ద్రావణంతో పరీక్షించండి. ఆమ్లమని తెలిసినదాంట్లో ముంచితే కాగితం ఎర్రబడాలి. ఎర్రబడితేనే, రెండోదాంట్లో ఎర్రబడకపోవడానికి అర్థం ఉంటుంది.

అంటే ఇప్పుడు మాకు కావలసింది ఆ జబ్బు ఉన్న మనిషి.

సెప్టెంబరు 16

ఏడో తెప్పకు వెళ్ళాను. నూకరత్నం ఉండేది అక్కడే. చేపలు పొగబెట్టే పొయ్యి ఆమెది. ఆమెకు హెచ్‌ఐవి ఉందని ఏడు తెప్పలకూ తెలుసు, ఆమే చెప్పుకుంటుంది కాబట్టి. రోజుకొక మాత్ర వేసుకుని, నాకన్నా గట్టిగా ఉంటుంది. మాత్రతో పురుగు అణగిపోయినా, ఒంట్లో దాని గుర్తు పోదు. కాగితం పట్టుకునేది ఆ గుర్తునే.

వంతెనల మీదుగా నడవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో నాలుగుసార్లు ఆగాను. వెళ్ళేసరికి ఆమె పొగలో కళ్ళు చికిలించి చూసి, "ఏటి టీచరమ్మా, సేతిలో మజ్జిగ లేకుండా వచ్చేసేవు? మరిసిపోయేవేటి?" అంది. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు నవ్వారు.

పక్కకు పిలిచి సంగతి చెప్పాను. దాచకుండా మొత్తం చెప్పాను. చివర్లో, నీ రక్తం ఒక బొట్టు కావాలి అన్నాను. మాట పూర్తయ్యాక గానీ తెలియలేదు, అడగడం ఎంత ఇబ్బందో.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చేప తిరగేసింది. చెయ్యి తుడుచుకుంది.

"ముప్పయ్యేళ్ళ నుండి నా రగతం తగలకుండా ఎడంగా తిరిగినోళ్ళనే సూసేను. అడిగి అట్టుకెళ్ళడానికి వచ్చింది నువ్వే."

నీకు ఇష్టం లేకపోతే అని మొదలుపెట్టాను.

"ఇట్టం నేదని ఎవురన్నారు? పిల్ల పాలు నేక ఏడుత్తంటే ఇట్టాలేటి. నాకిద్దరు ఆడపిల్లలు, మాత్ర ఏసుకుంటా ఇద్దరికీ నా పాలే ఇచ్చేను. డాక్టరమ్మ దగ్గరుండి సూసుకుంది. ఇద్దరికీ నేదు. అది కూడా నీ మనవరాలికి సెప్తాను. ఎల్లుండి వత్తాను, రేపు వంజరం సేపలు దిగుతాయి."

తిరిగి వచ్చేటప్పుడు పొగబెట్టిన చేప ఒకటి చేతిలో పెట్టింది. ఉప్పు ఎక్కువ. రాత్రి తినకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 18

పొద్దున పదింటికి నూకరత్నం వచ్చింది. మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. పేరంటానికి వచ్చావా అని అడిగితే, నా రగతానికి ఇయ్యాల గౌరవం కదా అంది.

వంటగదిలో చెక్క మీద తెల్లబట్ట పరిచాను. ప్రవల్లిక చేతులు కడుక్కుని వచ్చి, "నువ్వు ఏమీ ముట్టుకోకు నాన్నమ్మా, గుమ్మం దగ్గర కూర్చో," అంది. కూర్చున్నాను. అది సరైన పద్ధతే. పొట్లం తనే చింపింది. పదిట్లోంచి చూడకుండా రెండు కాగితాలు తనే తీసింది. నూకరత్నం వేలికి ఒక కొత్త సూది, తన వేలికి ఇంకొక కొత్త సూది. వాడినవి వెంటనే మూత డబ్బాలో వేసింది. ఎవరి కాగితం వెనకాల వాళ్ళ పేరు తన చేత్తో రాసింది.

ఇరవై నిమిషాలు ఆగాలి. చిట్టి ఉయ్యాలలో సన్నగా ఏడుస్తోంది. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు దానికి. నూకరత్నం ఉయ్యాల ఊపుతూ, తనకు మొదట తెలిసిన రోజు సంగతి చెప్పింది. అప్పటికి ఈ పిన్నులు లేరట, నేల మీద ఆస్పత్రిలో ఒక నర్సు కాగితం చేతికిచ్చి ముఖం తిప్పుకుందట. ఆ ముఖం తిప్పుకోవడం లేకపోతే ఆ రోజు సగం కష్టం తగ్గేదట. ప్రవల్లిక వింటున్నట్టు లేదు. చూపంతా కాగితాల మీదే.

నూకరత్నం కాగితం మీద మొదట ఒక గీత. తర్వాత కొంచెం కిందుగా రెండోది లేతగా మొదలై, ముదిరి, గులాబీ రంగులో నిలిచింది. అక్కడి నుంచి నాకే కనిపించింది.

ప్రవల్లిక కాగితం మీద ఒకటే గీత. ఇరవై నిమిషాలూ అయ్యాయి. ఒకటే.

అది రెండింటినీ పక్కపక్కన పెట్టి, వెలుతురుకు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసింది. కాసేపటికి నూకరత్నం తన ఇంకో చెయ్యి చాపింది.

"నీ మొకం సూత్తే తెలుత్తంది. నాకింకా తొమ్మిది సేతి ఏళ్ళున్నాయి, పొడుసుకో."

ఇంకొక జత చేసింది. మళ్ళీ ఇరవై నిమిషాలు. మళ్ళీ అక్కడ రెండు, ఇక్కడ ఒకటి.

"అత్తా," అంది ప్రవల్లిక నూకరత్నంతో. అంతకు ముందు ఆమెను ఏమని పిలిచేదో నాకు గుర్తులేదు. "నీది రెండు గీతలని నీ ఎదురుగానే చెప్పింది ఇది. ఏమీ ఆపుకోలేదు."

"దానికి నోరు నేదు గదా అమ్మా. మొగమాటం ఎక్కడుంటాది."

ప్రవల్లిక లేచి చేతులు మళ్ళీ కడుక్కుని చిట్టిని తీసుకుంది. గోడ వైపు తిరిగి కూర్చుంది. మొదట్లో చిట్టి పట్టలేదు. సీసాకు అలవాటైన నోరు, చప్పరించి వదిలేసి అరిచింది. నూకరత్నం వెళ్ళి దాని తల కింద చెయ్యి పెట్టి కోణం సరిచేసింది. మూడు నెలల క్రితం అయితే ఆ చెయ్యి మా ఇంట్లో పడనిచ్చేవాళ్ళమా అన్నది నేను ఆలోచించుకోవాలి. కాసేపటికి అరుపు ఆగింది. గుటక శబ్దం వినిపించింది.

నూకరత్నం వెళ్ళాక కూడా ప్రవల్లిక కదల్లేదు. పాలు తక్కువే ఉన్నాయి, అయినా చిట్టి వదలడం లేదు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. లేవడానికి కాళ్ళు సహకరించలేదు. అది ఇటు తిరిగి నన్ను చూసింది. ఇన్నాళ్ళు అది చూసింది నా ముఖాన్ని. ఈసారి నా పాదాలను చూసింది.

"కాళ్ళు అలా ఉబ్బాయేంటి?"

మెట్లు అన్నాను.

"పిన్ని ఏమంది?"

ఒకటో తారీఖున కూర్చున్నాను, అంతా బాగానే ఉందంది అన్నాను.

"నీ పక్కన ఎవరున్నారు?"

ఎవరుంటారు. నాకు తోడెందుకు, నేనే తోడుపెద్దను.

ప్రవల్లిక చిట్టిని భుజాన వేసుకుని వీపు తట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "చెడ్డ సంగతైతే మర్నాడు తోడుపెద్దకు చెబుతుంది. మరి నీ సంగతి ఎవరికి చెబుతుంది నాన్నమ్మా?"

నియమం మనసులో మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను. ఒంటరిగా ఉన్న మనిషికి తన గురించిన చెడ్డ కబురు చెప్పకూడదు. తోడుపెద్దకు చెప్పాలి. ప్రతి పొద్దునా పిన్ని దగ్గరికి వెళ్ళే తోడుపెద్దను నేను. ఒంటరిగానే వెళతాను. కాబట్టి నా గురించి నాకు ఎన్నడూ చెప్పదు. ఇంకెవరికీ చెప్పదు. నియమం రాసినవాళ్ళు తోడుపెద్దకు కూడా ఒళ్ళుంటుందని అనుకోలేదు. పదకొండేళ్ళలో నేనూ అనుకోలేదు.

"బాగానే ఉంది" అని నెలనెలా విన్న మాటలన్నీ ఈ రోజుతో కొట్టేశాను. బాగుండి ఉండవచ్చు. లేకపోవచ్చు. నాకు తెలియదు. ప్రవల్లిక మూడు వారాలుగా ఎక్కడ నిలబడి ఉందో అక్కడ నిలబడ్డాను, కాకపోతే దానికన్నా ఆలస్యంగా.

ఇప్పుడే వెళదామంది. చిట్టి కడుపు నిండనీ, రేపు అన్నాను. నిజానికి ఈ రోజు ఆ మెట్లు దిగే ఓపిక లేదు.

ఇక జరగవలసినవి:

1. చిట్టికి రోజంతా తల్లిపాలే పట్టాలి. పాలు మళ్ళీ పెరిగేదాకా సాయంత్రం ఒక్కసారి సీసా. ఆదివారం బరువు చూడాలి.

2. పొడిపాల డబ్బా ఒకటి రెండో తెప్ప మీది కవల పసిపిల్లలకు పంపాలి. మిగిలిన ఆరు కాగితాలు తడి తగలకుండా దాచాలి.

3. ప్రవల్లిక తన మొగుడు భానోజీకి రేడియోలో తనే చెప్పాలి. జరిగింది మొత్తం. నేను పక్కన ఉండను.

4. నూకరత్నం పొగగూడు రేకు తుప్పు పట్టింది. మా దగ్గరున్న కొత్త రేకు ఆమెకు వేయించాలి. వేయించుకుంటావా అని నేనే వెళ్ళి అడగాలి, మజ్జిగ లేకుండా.

5. ఏడు తెప్పల సమావేశంలో ఈ మాట పెట్టాలి: సంగతి మంచిదైనా చెడ్డదైనా, పిన్ని ప్రతి ఒక్కరినీ తోడు తెచ్చుకోమనాలి. అందరినీ అడిగితే ఎవరూ భయపడనక్కర్లేదు. ఒంటరిగా ఉన్నవాళ్ళతో "బాగానే ఉంది" అనడం మానాలి.

6. తోడుపెద్దకు కబురు ఆపే అధికారం తీసేయాలి. నాతో మొదలుపెట్టాలి. సత్తిరాజు ఇంకా ఉన్నాడు, ఆయనను కూడా పిలిచి ముందే తెలిసుంటే ఆ తొమ్మిది రోజులు ఎలా గడిపేవాడో అడగాలి.

7. రేపు పొద్దున పిన్ని దగ్గర నా పరీక్ష. ప్రవల్లిక నా కుడి పక్కన కూర్చుంటుంది. వెళ్ళేముందు మజ్జిగ తనే చేస్తానంది. ఉప్పు వేయవద్దని చెప్పాలి.